హెడ్డు విప్పే ముందు: నారోబోట్‌లో పాత లిస్టర్ డీజిల్ ఇంజన్

పల్లెల్లో "ఆయిల్ ఇంజన్" అనగానే కళ్ల ముందు మెదిలేది రెండు పెద్ద ఫ్లైవీళ్లు, ఒకే సిలిండరు, పక్కన నీళ్ల డ్రమ్ము. దాని పుట్టిల్లు ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ కౌంటీలోని డర్స్‌లీ అనే చిన్న ఊరు. అక్కడి లిస్టర్ కంపెనీ తయారుచేసిన సీఎస్ ఇంజన్ నమూనానే రాజ్‌కోట్ వర్క్‌షాపులు పోతపోసి దేశమంతా అమ్మాయి. 6/1 మోడల్‌కి బోరు (సిలిండరు వ్యాసం) 114.3 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 139.7 మి.మీ., నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్. అదే కంపెనీ వాళ్ల రెండు సిలిండర్ల జేపీ2, దాని తర్వాతి తరం ఇంజన్లు ఇప్పటికీ ఇంగ్లండ్ కాలువల మీద నారోబోట్లను నడుపుతున్నాయి. నారోబోట్ అంటే ఏడడుగుల వెడల్పు లాకుల్లో పట్టేలా కట్టిన సన్నటి పొడవాటి పడవ. లాకులంటే కాలువలో నీటి మట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపుల గదులు, గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ ఇంజన్లు లోపల అరిగిపోయి ఆగడం చాలా తక్కువ. డీజిల్ దారి, గాలి, నీళ్లు, ప్రొపెల్లర్, ఇంకా మనం నడిపే తీరు: నూటికి తొంభై సార్లు తప్పు వీటిలోనే దొరుకుతుంది. అయినా ఇంజన్ మొరాయించగానే చేతులు హెడ్డు (సిలిండరు పై మూత) బోల్టుల మీదికి పోతాయి. ఎన్నో ఏళ్లుగా కదలని హెడ్డును అవసరం లేకుండా విప్పితే స్టడ్డు విరగొచ్చు, గ్యాస్కెట్ పోవచ్చు, అంతవరకు లేని నీటి లీకు మొదలవ్వచ్చు. అందుకే బయటినుంచి లోపలికి వెళ్లాలి.

స్టార్ట్ కాకపోతే మొదట ట్యాంకు చూడండి. ఇనుప ట్యాంకు చలికాలం సగం ఖాళీగా ఉంటే లోపలి గోడలకు చెమ్మ పట్టి నీళ్లుగా అడుగుకు దిగుతుంది. ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ట్యాంకు అడుగున ఉన్న ట్యాపు తిప్పి ఒక అర లీటరు గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే కింద విడిగా తేరుకుంటాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా తీయాలి. ఇప్పటి డీజిల్‌లో కలిసే బయోడీజిల్ నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, పాత రబ్బరు సీళ్లను మెత్తబరుస్తుంది కూడా. సీళ్లు మార్చేటప్పుడు బయోడీజిల్‌కు బాగా తట్టుకునే వైటాన్ రకం రబ్బరు వేయండి. శీతాకాలం పడవ కట్టేసే ముందు ట్యాంకు నిండుగా నింపడం అన్నిటికన్నా చౌకైన మందు.

తర్వాత గాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఎత్తున ఉన్న చిన్న ట్యాంకునుంచి డీజిల్ తనంతట తాను దిగుతుంటే, జాయింటు వదులైన చోట డీజిల్ బయటికి కారుతుంది, తడి కనిపిస్తుంది. కింద ఉన్న పెద్ద ట్యాంకునుంచి లిఫ్ట్ పంపు (డీజిల్‌ను పైకెత్తే చిన్న పంపు) లాగుతుంటే మాత్రం అదే వదులు జాయింటు పొడిగానే ఉండి గాలిని లోపలికి పీలుస్తుంది. తడి లేదు కాబట్టి లీకు లేదనుకుని జనం నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) మారుస్తారు. అనుమానం ఉంటే లిఫ్ట్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి ఇంజన్ తిప్పండి, బుడగలు కంటికి కనిపిస్తాయి. పరీక్ష అయ్యాక ఆ ముక్క తీసేయాల్సిందే. నాలుగేళ్లకోసారి జరిగే పడవ భద్రతా తనిఖీలో మామూలు ప్లాస్టిక్ పైపుకు ఒప్పుకోరు, నిప్పుకు తట్టుకునే పైపు గానీ లోహపు పైపు గానీ ఉండాలి.

గాలి తీయడం వరుస తప్పకుండా చేయాలి. ట్యాపు తెరిచి, ఫిల్టరు పైనున్న, గాలి వదిలే బ్లీడ్ స్క్రూను రెండు చుట్లు వదులు చేయండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి గాజులా ఏకధార. ధార వస్తుండగానే బిగించాలి, ఆగాక బిగిస్తే గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. అదే పని డీజిల్ పంపు దగ్గర. ఆ తర్వాత థ్రాటిల్ నిండుగా తెరిచి, నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టును ఒక చుట్టు వదులు చేయండి. రెండు పానాలు వాడాలి, ఒకటి నాజిల్ వైపు కదలకుండా పట్టుకోడానికి. పంపుకు చేతి లివర్ ఉంటే దానితో కొట్టండి, లేకపోతే డీకంప్రెషన్ లివర్ (వాల్వును తెరిచి ఉంచి ఇంజన్‌ను తేలిగ్గా తిరగనిచ్చేది) ఎత్తి హ్యాండిల్ తిప్పండి. నట్టు దగ్గర నురగ లేని డీజిల్ ఊరగానే బిగించేయాలి. ఇప్పుడు లివర్ ఎత్తే ఉంచి నెమ్మదిగా తిప్పుతూ నాజిల్ దగ్గర చెవి పెట్టండి. రెండు చుట్లకోసారి పాత తలుపు కీలు కిర్రుమన్నట్టు ఒక చిన్న చప్పుడు వస్తుంది. ఆ కిర్రు వినిపిస్తే నాజిల్ కొడుతోంది, డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది. అది వినిపించేదాకా స్టార్టింగ్ ప్రయత్నం దండగ. చప్పుడు లేకపోతే గాలి ఇంకా ఉంది, లేదా పంపు డెలివరీ వాల్వు కింద చెత్త పడింది, లేదా నాజిల్ సూది బిగుసుకుంది.

నాజిల్ బయటికి తీసి స్ప్రే చూసేటప్పుడు చెయ్యి ఎదురు పెట్టకండి. ఆ ధార వంద బార్‌కు మించిన ఒత్తిడితో వస్తుంది, చర్మంలోంచి రక్తంలోకి దిగుతుంది. తిరిగి బిగించేటప్పుడు పాత రాగి వాషరు గుంతలోనే అతుక్కుపోయి ఉందేమో టార్చి వేసి చూడండి. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి లేచి, మంట సరిగా మండక పొగ మొదలవుతుంది. రాగి వాషరు ఒక్కటే ఉండాలి. కొత్తది దొరక్కపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది.

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి బిగువు) చూడటానికి గేజీ అక్కర్లేదు. డీకంప్రెషన్ లివర్ దించి హ్యాండిల్‌ను నెమ్మదిగా పైకి లాగితే స్ప్రింగులా వెనక్కి తోయాలి. మెత్తగా జారిపోతుంటే బుస్సుమనే శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వినండి. గాలి పీల్చే పైపులో వస్తే ఇన్లెట్ వాల్వు, పొగ గొట్టంలో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, క్రాంక్‌కేస్ బ్రీదర్‌లో (ఇంజన్ అడుగు భాగంలోని గాలి బయటికి వదిలే గొట్టంలో) వస్తే పిస్టన్ రింగులు. వాల్వు అని తేలినా ముందు టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఖాళీ) చూడాలి. సీఎస్ 6/1 కి చల్లగా ఉన్నప్పుడు 0.43 మి.మీ., అంటే 0.017 అంగుళం. సందు లేకుండా బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోదు, స్టార్టింగ్ పోతుంది, కొన్నాళ్లకు సీటు కాలుతుంది. సీఎస్‌లో రాకర్లకు నూనె పంపు లేదు, రోజూ చేత్తో నూనె వేయాలి. ఈ పని మానేసిన ఇంజన్లలో వాల్వు గైడులు పోవడం మామూలే.

హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. హ్యాండిల్ దూరే షాఫ్టు చివర తుప్పు, గీతలు లేకుండా సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది గ్రీజు రాయండి. ఇంజన్ అందుకున్నాక హ్యాండిల్ ఊడిరాకుండా ఫ్లైవీలుతో తిరుగుతుంటే దాన్ని పట్టుకోబోవద్దు. దాని దారినుంచి తప్పుకుని డీజిల్ ఆపేయండి.

నల్ల పొగ వస్తే పొలంలో ఇంజనయితే నాజిల్ అంటాం. పడవలో మాత్రం మొదటి అనుమానం ప్రొపెల్లర్ మీద. కాలువలో పాలిథిన్ సంచులు, తాళ్లు, పాత బట్టలు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయి. ఇంజన్‌కు మోయలేని బరువు పడుతుంది, వేగం నిలబెట్టే గవర్నర్ ఇంకా డీజిల్ పోస్తుంది, మండనిది నల్లగా బయటికొస్తుంది. పడవ వేగం తగ్గి, వెనక నీళ్లు ఎక్కువగా కలబడుతున్నాయంటే ఇదే. ఇంజన్ ఆపి, ఎవరూ స్టార్ట్ చేయకుండా తాళం జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌కు చెయ్యి అందేలా పైన పెట్టిన కిటికీ) మూత తీసి రంపపు కత్తితో కోయాలి. మూత తిరిగి బిగించడంలో ఏమరుపాటు పనికిరాదు. అది వదులుగా ఉంటే ప్రొపెల్లర్ తోసే నీళ్లన్నీ ఇంజన్ రూములోకి వస్తాయి, పడవలు మునిగేది ఇలాగే. ప్రొపెల్లర్ శుభ్రంగా ఉంటే ఇంజన్ రూము తలుపులు తెరిచి చూడండి. పొగ తగ్గితే ఇంజన్‌కు గాలి చాలడం లేదన్నమాట. నాజిళ్లు ఆ తర్వాతే.

తెల్ల పొగ చల్లటి ఉదయం రెండు నిమిషాలు వస్తే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక కూడా వస్తుంటే కంప్రెషన్ తక్కువ, లేదా టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వెనకబడింది, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. టైమింగ్ చూడటానికి ఫ్లైవీలు చుట్టూ టేపు పెట్టి కొలిచి 360తో భాగించండి. చుట్టుకొలత 1800 మి.మీ. అయితే డిగ్రీకి 5 మి.మీ. మాన్యువల్‌లో ఉన్న డిగ్రీలను ఈ లెక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు జబ్బు. నీలి పొగ, పొగ గొట్టం అంచున తారులా కారే నల్లటి తడి, బ్రీదర్‌లోంచి ఊదడం, నూనె ఖర్చు పెరగడం. రింగులు పోయాయని ఇంజన్ విప్పేస్తారు. తీరా చూస్తే రింగులు బాగానే ఉంటాయి, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) మాత్రం అద్దంలా మెరుస్తుంటుంది. కట్టేసిన పడవలో బ్యాటరీల కోసం రోజుకు గంటా రెండు గంటలు ఊరికే ఐడిల్‌లో నడపడం వల్ల వచ్చేది ఇది. బరువు లేకపోతే సిలిండరు వేడెక్కదు, రింగుల వెనక ఒత్తిడి చాలదు, సగం మండిన డీజిల్, నూనె కలిసి లైనరు మీద గట్టిపడి నూనె పట్టే సన్నని గీతల్ని పూడ్చేస్తాయి. నూనె నిలవడానికి చోటుండదు, రింగులు పట్టవు. కట్టేసిన పడవను గేరులో పెట్టి బరువు వేద్దామా అంటే గట్టు కోసుకుపోతుంది, కాలువ నిబంధనలు అందుకు ఒప్పుకోవు. పక్కన జనం ఉన్న చోట రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజన్ నడపడమే కూడదు.

కాబట్టి చార్జింగ్ ప్రయాణంలోనే జరిగేలా చూసుకోవడం మేలు. తప్పనిసరిగా నిలబెట్టి నడపాలంటే బ్యాటరీలు చార్జ్ చేసే పెద్ద ఆల్టర్నేటర్ పెట్టండి. 14 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లంటే 1260 వాట్లు. నష్టాలు కలుపుకుంటే ఇంజన్ మీద సుమారు 3 హార్స్‌పవర్ బరువు, ఒట్టి ఐడిల్ కన్నా ఎంతో నయం. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి బెల్టు ఫ్లైవీలు మీదినుంచే తీసుకోవాలి. మెరుపు అప్పుడే మొదలైన ఇంజన్‌ను లోతైన నది మీదికి తీసుకెళ్లి మూడు నాలుగు గంటలు గట్టి బరువు మీద నడిపితే చాలాసార్లు కుదురుకుంటుంది. కాలువలో అది వీలుపడదు, వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, లోతూ చాలదు. థేమ్స్, ట్రెంట్ లాంటి నదులు అందుకు సరిపోతాయి. అప్పటికీ తగ్గకపోతేనే హెడ్డు విప్పి, లైనరుకు హోనింగ్ చేయించి (ఆ సన్నని గీతలు మళ్లీ వేయించి) కొత్త రింగులు వేయాలి.

ఇంజన్ మరీ చల్లగా నడిచినా ఇదే దారి. నీళ్లు బయటికొచ్చే పైపును చేత్తో హాయిగా పట్టుకోగలుగుతున్నారంటే 50 డిగ్రీల లోపే ఉన్నట్టు. పడవ గోడకు లోపలివైపు వెల్డింగ్ చేసిన స్కిన్ ట్యాంకు ఉంటే థర్మోస్టాట్ పెట్టి 70–80 దగ్గర నడపండి. ట్యాంకు పైభాగంలో గాలి చేరితే వేడి కాలువలోకి దిగదు, ఆ గాలిని పై స్క్రూ దగ్గర వదలాలి. కాలువ నీటినే నేరుగా లాగే ఇంజన్‌ను 60 దాటనివ్వకూడదు, సున్నం పేరుకుంటుంది. దానికి ఆకులు, బురద పట్టే మడ్ బాక్సు రోజూ చూడాలి.

నూనె మామూలు ఎస్ఏఈ 30, వంద గంటలకోసారి మార్చడం నా పద్ధతి. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గితే కలిపి పోస్తాం, పెరిగితే మాత్రం ఇంజన్ నడపకూడదు. డీజిల్ గానీ నీళ్లు గానీ చేరుతున్నాయి. వార్తాపత్రిక ముక్క మీద ఒక చుక్క వేసి అరగంట ఆగండి. నల్లటి చుక్క చుట్టూ పారదర్శకమైన వలయం వెడల్పుగా పాకితే డీజిల్. నూనె మజ్జిగలా తెల్లబడితే నీళ్లు. లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ తిన్నగా సంప్‌లోకే (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టిలోకే) పోతుంది. మట్టం బాగా పెరిగాక ఇంజన్ ఆ కల్తీ నూనెనే తాగి ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు. అప్పుడు గాలి పీల్చే మూతికి చెక్కపలక అడ్డం పెట్టి ఆపాలి, అరచెయ్యి పెట్టకూడదు. అలాంటి పలక ఒకటి ఇంజన్ పక్కనే వేలాడదీసి ఉంచండి.

వెనక షాఫ్టు గ్లాండ్‌కు (ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే భాగానికి) రోజు ప్రయాణం ముగియగానే గ్రీజు మూత ఒక చుట్టు తిప్పండి. తిరిగేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు కారడం మంచిదే, షాఫ్టును చల్లగా ఉంచుతుంది. ఎక్కువైతే రెండు నట్లూ సమంగా, ఒక్కోసారి ఆరో వంతు చుట్టే బిగించండి. గ్లాండ్ లోపల షాఫ్టు చుట్టూ ఉండే తాడు ప్యాకింగ్ మార్చేటప్పుడు రింగులు ఏటవాలుగా కోసి, అతుకులు ఒకే వైపు రాకుండా వేయాలి.

చలికాలం ముందు కాలువ నీటితో నడిచే ఇంజన్‌లోంచి నీళ్లన్నీ తీసేయాలి, గడ్డకడితే బ్లాకు పగులుతుంది. డ్రెయిన్ ట్యాపు తిప్పినప్పుడు నీళ్లు రాలేదంటే లోపల లేవని కాదు. తుప్పు పెచ్చులు రంధ్రానికి అడ్డం పడి ఉంటాయి. ట్యాపు మొత్తం విప్పి, ఇనుప తీగ గుచ్చి కదపండి. ముందు గోధుమరంగు బురద, తర్వాత నీళ్లు వస్తాయి. ధార ఆగాక ఇంజన్‌ను హ్యాండిల్‌తో రెండు మూడు చుట్లు తిప్పితే పంపులో మిగిలినవి కూడా దిగుతాయి. ట్యాపు తిరిగి బిగించకుండా ఫ్లైవీలుకే కట్టి ఉంచండి, వసంతంలో స్టార్ట్ చేయబోయే చేతికి అదే ముందు తగులుతుంది.