గ్రూప్-1 మెయిన్స్: నా ఆన్సర్ రైటింగ్‌ను మార్చిన ప్రశ్న

గ్రూప్-1 జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనపడ్డప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు. దేవరకొండ, మిర్యాలగూడ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఏం చదివినవ్?" మీ దగ్గరున్న పుస్తకాలే. అకాడమీ పుస్తకాలు, రోజూ పేపర్, పాత ప్రశ్నపత్రాలు. తేడా వచ్చింది రాయడంలో.

ఒక టెస్ట్ సిరీస్‌లో ఇంటర్నెట్ నిలిపివేత మీద ప్రశ్న వచ్చింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) (భావప్రకటన స్వేచ్ఛ), 19(2) (దానికి పరిమితులు), అటు నాలుగు పాయింట్లు, ఇటు నాలుగు, చివర్లో 'సమతుల్యత అవసరం'. బ్యాచ్ మొత్తం అదే రాసింది. దిద్దిన సార్ నా పేపర్ అంచున ఎర్ర పెన్నుతో "ఇందులో నీ వాదన ఏది?" అని రాశారు.

నల్గొండ జిల్లా గ్రంథాలయంలో కూర్చుని కశ్మీర్‌లో నెట్ నిలిపివేత మీద సుప్రీంకోర్టు ఇచ్చిన అనురాధా భసీన్ తీర్పు మొత్తం చదివాను. 2020 జనవరి 10న జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం ఇచ్చింది. నెట్ ఆపే ఉత్తర్వును ప్రచురించాల్సిందేనంది. ఉత్తర్వే చేతికి రాకపోతే కోర్టుకు పోయేవాడు దేన్ని సవాలు చేస్తాడు? అక్కడి నుంచి వెనక్కి, 1951 నాటి హర్లా కేసుకు వెళ్లాను. జైపూర్ సంస్థానంలో నల్లమందు చట్టం చేసి ప్రచురించలేదు. దాని కింద ఒకాయనకు 50 రూపాయల జరిమానా వేశారు. జనానికి తెలియజేయని చట్టంతో శిక్షించడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది.

నా వాదన దొరికింది. ఏ రాత్రి ఎక్కడ బలగాలు దిగుతాయో ప్రభుత్వం గుట్టుగా ఉంచుకోవచ్చు. కానీ ఎవరు ఆదేశిస్తారు, ఏ కారణంతో, ఎన్నాళ్లు, ఎవరు సమీక్షిస్తారు అన్నది ముందే జనానికి తెలియాలి. అమెరికాలో మొబైల్ నెట్‌వర్కులు ఆపే ఎస్‌ఓపీ 303 అనే విధానాన్ని దాచుకోవచ్చని 2015లో అప్పీలు కోర్టు అంది. దానితో నేను ఏకీభవించను. మన 2017 నాటి టెలికాం సేవల నిలిపివేత నిబంధనల్లో హోం కార్యదర్శి ఆదేశం, అయిదు పనిదినాల్లో సమీక్ష అని బాహాటంగానే ఉండేది. 2020 సవరణ 15 రోజుల గరిష్ఠ గడువు పెట్టింది. వాటి స్థానంలో వచ్చిన 2024 నిబంధనలు కారణాలతో సహా ఉత్తర్వును ప్రచురించమన్నాయి. దేశ భద్రతకేమైనా నష్టం వచ్చిందా?

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. 2024 సెప్టెంబరులో జార్ఖండ్‌లో మనలాంటి అభ్యర్థుల పరీక్ష కోసమే నెట్ ఆపారు. తన అనుమతి లేకుండా పరీక్షల పేరుతో ఆపొద్దని అక్కడి హైకోర్టు ఆదివారం కూర్చుని మరీ ఆదేశించింది. ఆ పూట బత్తాయి లోడు డబ్బులు ఫోన్‌పేలో రావాల్సిన మన రైతును తలుచుకోండి.

అదే ప్రశ్నకు మళ్లీ జవాబు రాశాను. సార్ ఈసారి కింద ఏమీ రాయలేదు, మార్కులు మాత్రం పెరిగాయి. 'ఒక్క తీర్పుకు ఇన్ని రోజులా' అని రూమ్‌మేట్స్ అన్నారు. అన్నా సరే, తీర్పులు చదవడం ఆపలేదు. మీరూ వారానికి ఒకటి పూర్తిగా చదవండి. నా నోట్స్ మాత్రం అడగొద్దు. అందులో ఉన్నది నా వాదన, మీది మీరే రాసుకోవాలి.