వరసలు కుదిరిన ఆదివారం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నుంచి ఒకటే జల్లు. ఇక్కడ ఐర్లండ్‌లో ఎన్నిస్ నుంచి మిల్‌టౌన్ మాల్బే వెళ్లే దారంతా కారు వైపర్లు ఆగలేదు. వెనక సీట్లో రెండు వయొలిన్లు పెట్టుకున్నాను. ఒకటి మన పద్ధతిలో స-ప-స-ప శ్రుతి చేసింది, రెండోది ఇక్కడి ఫిడిల్ శ్రుతిలో ఉన్నది. ప్రతిసారీ తీగలు దించి మళ్లీ బిగించడం కుదరక, ఐదేళ్ల కిందట రెండోది కొన్నాను. తమ్ముడి పెళ్లికి ఇంక ఇరవై రోజులే ఉంది. చర్చిలో ఏమేం వాయిస్తామో బుధవారంలోగా ఫాదర్‌గారికి రాసివ్వాలి. ఈ రోజు ఎలాగైనా తేల్చేద్దామని మావయ్యా నేనూ అనుకున్నాం.

మావయ్య అంటే తమ్ముడికి కాబోయే మామగారు. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు. నాన్న వయసున్న మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. విజయనగరం నుంచి అమ్మే ఫోన్లో తేల్చింది. "తమ్ముడి భార్య నీకు మరదలు. వాళ్ల నాన్న నీకు మావయ్య వరస. ఆ పిల్ల నాయనమ్మ నీకు అమ్మమ్మ వరస. ఇందులో ఆలోచించడానికి ఏముంది?" ఆయనకి ఈ లెక్క వివరించి చెప్తే ఎంతో సంతోషపడ్డారు. మన భాషలో పాట బాణీకీ చుట్టరికానికీ ఒకటే మాట, వరస, అని చెప్తే ఆ మాటని రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు.

మన పద్ధతి పెళ్లి మాఘమాసంలో విజయనగరంలో. అక్కడ సన్నాయి మేళం ఉంటుంది, నా అవసరం లేదు. ఇక్కడ మాత్రం వాయించేది మేమిద్దరమే. ఆయనది కాన్సర్టీనా, రెండు చేతుల మధ్య తిత్తిని లాగుతూ మీటలు నొక్కి వాయించే చిన్న వాద్యం. క్లేర్ కౌంటీ ఆ వాద్యానికి పెట్టింది పేరు. కిల్‌రష్‌లో పబ్బు నడుపుతూ కాన్సర్టీనా వాయించిన మిసెస్ క్రాటీ గారిని (1960లో పోయారు) అమ్మమ్మగారు పెళ్లికి ముందు స్వయంగా విన్నారట. ఇవాళ వంటింట్లో పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని మేం వాయించినవన్నీ ఆవిడ విన్నారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. ఏది నచ్చిందో ఏది నచ్చలేదో ఆవిడ కాలి మునివేళ్లు చూస్తే తెలిసిపోతుంది.

పెళ్లికూతురు చర్చిలోకి నడిచి వచ్చేటప్పుడు ఏం వాయించాలన్నదానికి పెద్దగా చర్చ లేదు. "తూర్ దమ్ దో లావ్". ఐరిష్‌లో "నీ చెయ్యి ఇవ్వు" అని. రూరీ డాల్ ఓ కహాన్ అనే అంధ హార్ప్ (నిలువు తీగల వాద్యం) విద్వాంసుడు 1603 ప్రాంతంలో స్కాట్లాండ్‌లో కట్టాడని చెబుతారు. అక్కడి ఎగ్లింటన్ దొరసాని ఆయనెవరో తెలియక, పనివాడికి చెప్పినట్టు "వాయించు" అందట. ఆయన వాయించకుండా లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఆవిడ సంగతి తెలుసుకుని, రాజీ కోసం వస్తే, ఈ వరస కట్టి ఇచ్చాడట. అంటే పుట్టినప్పుడు ఇది ప్రేమ పాట కాదు, అలిగిన విద్వాంసుడు మనసు మెత్తబడి చెయ్యి చాపిన పాట. నాలుగు వందల ఏళ్లుగా నిలిచింది. అమ్మకి పేరు అర్థం చెప్పగానే "అదే కదా పాణిగ్రహణం" అంది. ఆ మాట మావయ్యకి చెప్పాను. ఆయన చాలాసేపు కాన్సర్టీనా ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. తర్వాత ఇంతకుముందుకంటే నెమ్మదిగా ఎత్తుకున్నారు. ఆ నడకే ఖాయం చేసుకున్నాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ప్రమాణాలు అయ్యాక రిజిస్టరు మీద సంతకాలు పెట్టే ఐదు నిమిషాలకి ఒక నెమ్మది వరస కావాలి. నేను నెల రోజులుగా మనసులో పెట్టుకున్నది "బ్రీద్ ఓగ్ నీ వాలియా". ఇక్కడివాళ్లు స్లో ఎయిర్ అనే ఈ రకం వరసలకి తాళం ఉండదు. మన ఆలాపనలా ఊపిరిని బట్టి సాగుతాయి. ఈ దేశం వచ్చాక నా చేతికి మొదట దగ్గరైనవి ఇవే. నాట్యానికి వాయించే రీళ్లూ జిగ్గులూ పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది గానీ ఇవి విన్న రోజే మా ఇంటి సంగీతంలా అనిపించాయి.

మనసు పెట్టి వాయించాను. అయ్యేసరికి అమ్మమ్మగారి కళ్లు మూసి ఉన్నాయి. మావయ్య ఏమీ అనలేదు. లేచి టీ కలిపి నా ముందు పెట్టి, అప్పుడు మెల్లగా అడిగారు, దాని మాటలు నీకు తెలుసా అని. నాకు తెలియవు. ప్రేమించిన అమ్మాయి ఇంకొకరిని పెళ్లి చేసుకుంటుంటే గుండె పగిలినవాడు పాడుకునే పాటట అది. "మా అమ్మ ఆ వరస వింటే వయొలిన్ వినదు, మాటలే వింటుంది. ఆ రోజు చర్చిలో ఆ మాటలు తెలిసినవాళ్లు ముప్పై మందైనా ఉంటారు" అన్నారు.

నాకు ఒళ్లు జలదరించింది. వరస బాగుంది కదా అని, దాని అడుగున ఎవరున్నారో అడగనే లేదు. మన పందిట్లో సన్నాయి మీద ఎవరైనా శోకం పలికే ముఖారి రాగం ఎత్తుకుంటే అమ్మ ఒప్పుకుంటుందా? రాగం తెలియని కుర్రవాళ్లు ఆహా అనొచ్చు, తెలిసిన పెద్దవాళ్ల గుండె మాత్రం కలుక్కుమంటుంది. బయటివాళ్లు ఎంతో మంది పెళ్లిళ్లలో అడిగి మరీ వాయించుకునే "షీ మూవ్డ్ త్రూ ద ఫెయిర్" కూడా ఇలాంటిదేనని మావయ్య చెప్పారు. అందులో "మన పెళ్లి దగ్గర్లోనే ఉంది" అని అబ్బాయితో చెప్పే అమ్మాయి చివరికి చనిపోయి కనిపిస్తుంది.

దాని బదులు కారొలన్ కట్టిన "ఫ్యానీ పవర్" తీసుకున్నాం. టర్లో ఓ కారొలన్ 1670లో పుట్టాడు, 1738లో పోయాడు. పద్దెనిమిదో ఏట మశూచి వచ్చి చూపు పోయింది. హార్ప్ నేర్చుకుని గుర్రం మీద ఊరూరా తిరుగుతూ, ఆతిథ్యం ఇచ్చిన ఇళ్లవాళ్ల పేర్ల మీద వరసలు కట్టాడు. ఆ ఫ్యానీ పవర్ మా పక్క కౌంటీ గాల్వేలోని లఖ్‌రేయ్ పిల్ల. ఆ పిల్ల పెళ్లిలో నాట్యం చేసేదాకా నా ప్రాణం నిలవాలి అని పాటలో కోరుకున్నాడు. 1732లో ఆవిడకి పెళ్లయింది, అప్పటికి కారొలన్ బతికే ఉన్నాడు. నరస్తుతి చెయ్యనన్న త్యాగరాజస్వామి కీర్తనలు సాధన చేస్తూ పెరిగినదాన్ని నేను. ప్రభువుల పేరు మీద కట్టిన వరసలంటే మనసులో ఎక్కడో చిన్నచూపు ఉండేది. ఇవాళ అది పోయింది. చూపు లేని పెద్దాయన ఒకరి ఇంటి పిల్లని దీవిస్తే అది పొగడ్త ఎందుకవుతుంది? మరదలు సంతకం పెడుతుండగా ఆ దీవెన చర్చిలో వినిపించాలి.

మిగతావి త్వరగానే తేలాయి. పెళ్లికూతురి కారు గేటు దగ్గర ఆగగానే "హేస్ట్ టు ద వెడ్డింగ్". 1767లో లండన్‌లో ఒక పాంటోమైమ్ ప్రదర్శనలో వినిపించిన వరస, ఇవాళ్టికీ పెళ్లి అనగానే చేతికి వచ్చేది. వాన పడితే ద్వారబంధం కిందే నిలబడి వాయిస్తాం.

సాయంత్రం విందులో "సీజ్ ఆఫ్ ఎన్నిస్" నాట్యం. విజయనగరం, విశాఖ నుంచి వచ్చే మనవాళ్లు పద్దెనిమిది మంది. వాళ్లని గోడ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి చూడమనడం నాకు ఇష్టం లేదు. ఇందులో నలుగురు నలుగురు ఎదురెదురు వరుసల్లో నిలబడి ముందుకీ వెనక్కీ నడుస్తారు, పక్కవాళ్లతో చోటు మార్చుకుంటారు, ఆ తర్వాత అవతలి వరుసని దాటి కొత్తవాళ్ల ముందుకి చేరతారు. ఒక్క విడత అయ్యేసరికి హాల్లో సగం మందిని కలిసినట్టే. జిగ్గు అంటే తకిట తకిట. రీలు అంటే తకధిమి తకధిమి. పిన్నికీ బావగారికీ వాట్సాప్‌లో ఇంతే చెప్పాను, అప్పుడే విశాఖలో డాబా మీద సాధన మొదలెట్టారు. ఒక్కటి మాత్రం మావయ్య గట్టిగా చెప్పారు. చివరిదాకా ఒకటే నడక ఉండాలి, ఉత్సాహం వచ్చిందని కాలం పెంచకూడదు. వినేవాళ్ల కోసం వాయించడం వేరు, కాళ్ల కోసం వాయించడం వేరు. మన దగ్గర నేను ఎప్పుడూ కాళ్ల కోసం వాయించలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో ఇదే పెద్దది.

మన వైపు నుంచి ఏదైనా ఒకటి వాయించవా అక్కా, అని తమ్ముడు అడిగాడు. దానికి "వందే మీనాక్షి" అనుకున్నాను. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో కంపెనీవాళ్ల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం రాసిన నొట్టుస్వరాల్లో ఇది ఒకటి. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తాయి. దీని మూలం "లిమరిక్" అనే ఐరిష్ వరస. లిమరిక్ ఎక్కడో కాదు, మా కౌంటీకి సరిహద్దే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే అక్కడ యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. వాళ్లిద్దరూ ఆ రోజు చెవి ఒగ్గి వినకపోతే నా చేతిలో ఈ వాద్యం ఉండేది కాదు. రెండు వందల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన వరసని దాని సొంత ఊరి పక్కనే వాయించబోతున్నాను. తలుచుకుంటే చెయ్యి వణుకుతోంది.

ఇక చర్చి నుంచి కొత్త జంట బయటికి నడిచేటప్పుడు ఏది? ఇది అమ్మమ్మగారు తేల్చారు.

మేం ఒక్కొక్కటీ వాయించి చూస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి పొయ్యి పక్క నుంచి నోటితో ఒక జిగ్గు ఎత్తుకున్నారు. డిడల్ డీ, డౌడల్ డీ అంటూ. దీన్ని లిల్టింగ్ అంటారు. మన దగ్గర నాట్యం నేర్పే నట్టువనార్లు నోటితో జతులు చెప్పినట్టే ఉంటుంది గానీ ఇందులో స్వరం కూడా నడుస్తుంది. ఆవిడ పుట్టకముందే, 1935లో, డాన్స్ హాళ్లకి లైసెన్స్ ఉండాలని చట్టం వచ్చింది. దాన్ని చూపించి ఫాదర్లూ పోలీసులూ ఇళ్లలో జరిగే నాట్యాల మీద కూడా పడ్డారు. ఆవిడ చిన్నతనంలో వాళ్ల ఇంట్లో వాద్యమే లేదు. వాళ్ల అమ్మ తలుపు వేసి ఇలా నోటితో వాయిస్తుంటే, పిల్లలు వంటింటి రాతి పలకల మీద అడుగులు వేసేవాళ్లట. దాని పేరేమిటి అంటే "గాన్ అనిమ్" అన్నారు. పేరు లేనిది అని. ఇక్కడ ఇలాంటి వరసలు ఎన్నో ఉన్నాయి.

మావయ్య ఎప్పుడో విన్నారు గానీ ఎవరూ వాయించగా వినలేదట. కాగితం తీసుకుని ఆయన ఏ బీ సీ అక్షరాల్లో, నేను సరిగమల్లో రాసుకున్నాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటే ఒకే ఒక్క చోట తేడా వచ్చింది. రెండో భాగంలో నిషాదం. డి నోటుని షడ్జంగా తీసుకుంటే సి నోటు ని అవుతుంది. ఆయన కాకలి (పై ని) అంటారు, నేను కైశికి (దాని కింది ని) అంటాను. అమ్మమ్మగారిని మళ్లీ అడిగాం, మళ్లీ పాడారు. మూడోసారికి అర్థమైంది, ఆవిడ పాడేది రెండూ కాదు. రెండిటి నడుమ ఉన్న నిషాదం, అదీ కింది నుంచి కొద్దిగా జారుతూ వస్తోంది.

కాన్సర్టీనాలో స్వరాలన్నీ ముందే శ్రుతి చేసి బిగించినవి. నడుమ చోటు లేదు. మావయ్య రెండు మీటలూ నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు.

ఫిడిల్ నేర్చుకునేటప్పుడు చేతిని గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) వెయ్యకుండా పట్టి ఉంచడానికి ఎంత కష్టపడ్డానో. ఇవాళ ఆ ఒక్క స్వరం దగ్గర వేలిని వదిలేశాను. అమ్మమ్మగారు వెంటనే ఏమీ అనలేదు. మొదటి నుంచి మళ్లీ వాయించమన్నారు. రెండో భాగానికి వచ్చేసరికి చెప్పుల్లో ఆవిడ కాలు తకిట తకిట అంటోంది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పదకొండు దాటింది, అయినా మెలకువగానే ఉంది. గడ్డి ముసుగులు వేసుకున్నవాళ్లు పిలవకుండానే విందులోకి వచ్చి పెళ్లికూతురితో ఆడి వెళ్తారు, వాళ్లని స్ట్రా బాయ్స్ అంటారు, వస్తే శుభం, కంగారు పడకు అని ముందే చెప్పి ఉంచాను. తర్వాత ఆ జిగ్గు వినిపించాను. "ఎవరిది?" అంది. "అమ్మమ్మగారిది" అన్నాను. ఇంకోసారి వాయించమంది.

జాబితా రాయడం అయింది. చివరి వరసకి ఎదురుగా పేరు రాయాల్సిన చోట మావయ్య చెప్పినట్టే గాన్ అనిమ్ అని రాశాను. అది మూడుసార్లు వాయిస్తాం. మొదటిసారి నేనొక్కదాన్నే. రెండోసారికి కాన్సర్టీనా కలుస్తుంది. ఆ నిషాదం వచ్చిన ప్రతిసారీ మావయ్య వేళ్లు ఎత్తేస్తారు.