పోపు వచ్చు, పోట్లాట రాదు

పిల్లలకు తెలుగు పోతుందేమో అని బెంగపడితే ఊరి నుంచి వచ్చే ఓదార్పు ఒకటే: "ఇంట్లో మన వంటే కదరా, భాష ఎక్కడికి పోతుంది!" ఇటలీకి చెందిన సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో కాపురం పెట్టాక నాకు ఈ మాట మీద నమ్మకం పోయింది. కారణం సిసిలీ వంటే.

827లో అరబ్బులు ఈ దీవి మీదికి వచ్చారు. 831 నుంచి, 1072లో నార్మన్లు గెలిచేదాకా పలెర్మో వాళ్లదే. నిమ్మ, చెరకు, వంకాయ సాగు ఇక్కడ ఆ కాలంలోనే పాతుకుంది. వంకాయ మన వైపుదే, పర్షియా మీదుగా ఇంత దూరం వచ్చింది. దాన్ని నూనెలో వేయించి, టమాటా, సెలెరీ, ఆలివ్‌లు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు) వేసి, వెనిగర్, పంచదార కలిపితే కపొనాతా. చల్లారి, ఊరాకే రుచి. మా పిల్లలు అన్నంలో కలుపుకుంటారు. పై అంతస్తు మామ్మగారికి అది చూస్తే ప్రాణం పోతుంది.

ఆవిడ నువ్వుల్ని జుజ్జులేనా అంటారు, అరబ్బీలో జుల్జులాన్. ఇక్కడి తియ్యటి ద్రాక్ష జిబిబ్బో, అరబ్బీలో జబీబ్ అంటే ఎండుద్రాక్ష. ఈ దీవిలోనే ఉన్న త్రాపాని ఊళ్లో గోధుమరవ్వను చేత్తో నలిపి, ఆవిరికి ఉడికించి, చేపల పులుసుతో తినే కుస్కుస్ కూడా ఆఫ్రికా తీరంతో పాత చుట్టరికమే. కానీ అరబ్బీ మాట్లాడేవాళ్లు? 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి సిసిలీ ముస్లింలను ఇటలీ ప్రధాన భూభాగంలోని లుచేరాకు తరలించాడు. ఆ భాష బిడ్డ పక్కనున్న మాల్టాలో బతికింది. సిసిలీలో సరుకుల పేర్లు, ఊళ్ల పేర్లు మిగిలాయి.

ఇప్పుడు ఇక్కడి సిసిలియన్ భాషకూ అదే గతి పడుతోందని మామ్మగారి దిగులు. ఆవిడ సిసిలియన్‌లో అడుగుతారు, మనవడు ఇటాలియన్‌లో చెబుతాడు. మా ఇల్లూ అంతే. "ఆవాలు చిటపటలాడాక కరివేపాకు వెయ్యి" అంటే మావాడు చక్కగా వేస్తాడు. దోరగా, ముద్దగా, పలుకుగా అన్నీ తెలుసు. స్కూల్లో గొడవేంటో చెప్పమంటే మాత్రం రెండో వాక్యానికే ఇటాలియన్‌లోకి జారుకుంటాడు. పోపు గింజల పేర్లతో నాకు తృప్తి లేదు. వాడు తెలుగులో అలగాలి, అబద్ధమాడాలి, వాదించాలి.

అందుకే భోజనాల దగ్గర వంట గురించి కాదు, వాదనకు తెలుగు కావాలన్నాను. డిసెంబర్ 13న, సాంతా లుచీయా పండక్కి, మంచి అంశం దొరికింది. ఆ రోజు పలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టరు. కరువులో గోధుమల ఓడ వస్తే, పిండి పట్టించే ఓపిక లేక జనం గింజలే ఉడకబెట్టుకుని తిన్నారని కథ. ఆ గుర్తుగా ఉడికిన గోధుమల్లో రికోటా అనే మెత్తటి జున్ను కలిపిన కుచ్చీయా, శనగపిండి పనెల్లే, ఇంకా అన్నం ఉండల్లో కూర పెట్టి వేయించినవి తింటారు. పలెర్మోలో ఆ ఉండ అరంచీనా, స్త్రీలింగం. సిసిలీలోని మరో నగరం కతానియాలో అరంచీనో, పుంలింగం. ఈ పంతం మీద రెండు ఊళ్లూ ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాయి.

మావాడు పలెర్మో పక్షం. చెల్లి ప్రాణస్నేహితురాలు కతానియా పిల్ల, కాబట్టి అటువైపు. తెలుగులో రెండూ "అది"యే అయ్యేసరికి వాడు ఇరుక్కుపోయాడు. కాసేపు గింజుకుని, "అది ఆడపిల్ల నాన్నా, గుండ్రంగా ఉంది కదా!" అన్నాడు.

"నీ మొహం, నోర్మూసుకో" అంది చెల్లి. అచ్చం వాళ్లమ్మ గొంతే. నేను మందలించలేదు.