పెచ్చు ఊడిన చోట కనిపించిన తంజావూరు

మా అమ్మమ్మ పూజగదికి కిటికీ లేదు. అందువల్ల అక్కడి తంజావూరు నవనీతకృష్ణుడి పటాన్ని నేను చిన్నతనమంతా దీపపు వెలుగులోనే చూశాను. సంధ్యాదీపం పెట్టగానే ముందు కిరీటం, తరువాత హారాలు, అన్నిటికన్నా చివర బాలకృష్ణుడి బొద్దుముఖం చీకటిలోంచి తేలివచ్చేవి. పాత తంజావూరు పటాలలో చాలాచోట్ల ఉన్నట్లే ఈ కృష్ణుడూ తెల్లగా ఉంటాడు. నల్లనయ్యకు ఈ రంగేమిటని అడిగితే, వెన్న తిని తిని అలా అయ్యాడని అమ్మమ్మ తేల్చేసింది.

ఆ పటం మా ఇంటికి చేరాక, అద్దం మార్పించడానికి ఇచ్చిన చోట దానిని తడిగుడ్డతో తుడిచారు. ఎడమమూల ఉబ్బి, బంగారు రేకుతో సహా బొటనవేలంత పెచ్చు ఊడిపోయింది. చెన్నైలో పాత పటాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు, ఆయన ఆ గాయాన్నే చూపిస్తూ నాకు పటం నిర్మాణాన్ని వివరించారు. అడుగున పనసచెక్క ఉంటుంది. దానిపై చింతగింజల జిగురుతో గుడ్డ అంటించి, సుద్దను పూతలు పూతలుగా పూసి, ఆరాక నున్నగా రుద్ది, ఆ తెల్లని నేలపై బొమ్మ గీస్తారు. ఆపైన రాళ్ళు పొదిగి, నగలు, తోరణాలు, స్తంభాలు ఉన్నచోట సుద్దపొడి, బంక కలిపిన ముద్దతో ఉబ్బెత్తు పని చేసి, దానిమీద బంగారు రేకు అతికిస్తారు. బంగారం చివరి మెరుగని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి రంగులు దాని తరువాతే వస్తాయి. సుద్ద, బంక రెండూ నీటికి లొంగేవే కనుక తడిగుడ్డ అంత పని చేసింది.

మైసూరు చిత్రాలలోనూ బంగారం ఉంటుంది కాని, అక్కడ ఉబ్బు పలుచన, పని సున్నితం. నాకు మాత్రం తంజావూరు మొరటుదనమే ఇష్టం.

ఆ పెద్దాయన తెలుగులో అరవయాస దట్టంగా ఉంది. "మేము రాజులమండీ, రాజ్యం లేని రాజులం, బొమ్మలేసే రాజులం" అని నవ్వారు. 1565 తరువాత విజయనగర వైభవం తగ్గడంతో చిత్రకారులు దక్షిణాదికి తరలారని, తెలుగును ఆదరించిన తంజావూరు నాయకరాజులు వారిని చేరదీశారని చెబుతారు. నేడు మనం గుర్తుపట్టే రూపం మాత్రం తరువాతి మరాఠా పాలకుల కాలంలో, ముఖ్యంగా రెండవ శరభోజి (1798–1832) ఆదరణలో స్థిరపడింది. ఆ పని చేసిన కుటుంబాలలో తెలుగు మూలాలున్న 'రాజులు' అనే చిత్రకారుల వర్గం ముఖ్యమైనది; పెద్దాయన అన్న రాజులు వీరే.

కొత్త రేకు పాతదానితో కలిసేలా కాస్త మసకబార్చమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ పటం మా హాలులో ఎల్‌ఈడీ దీపం కింద ఉంది. ఆ తెల్లని వెలుగులో ఉబ్బులన్నీ చదునుగా కనిపిస్తాయి. కరెంటు పోయి ప్రమిద వెలిగించిన రోజున మాత్రం కిరీటం కన్నా ముందు ఆ ఎడమమూలే మెరుస్తోంది.