మా స్టూడియో కర్టెన్ కోసం పాపికొండలు

మా స్టూడియోలో నలభై ఏళ్లుగా ఒక కొండ ఉండేది. గుడ్డ మీద రంగులతో వేసిన కొండ. దాని మీంచి జలపాతం, కింద చెరువు, చెరువులో రెండు హంసలు. సంబంధాలకి పంపే అమ్మాయి ఫొటో అయినా, అన్నప్రాసన ఫొటో అయినా ఆ కొండ ముందు తీయాల్సిందే. రాజోలు వైపు ఎత్తంటే ఏటిగట్టే కదా. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలాక ఇటు సముద్రం దాకా చేలు, కొబ్బరితోటలు, కాలువలే. అందుకేనేమో మావాళ్లకి కొండ ముందు కూర్చోవడమంటే అంత సరదా.

కిందటి వానాకాలంలో కర్టెన్‌కి చెమ్మ పట్టింది. దానికితోడు ఎలకలు ఒక హంస మెడ కొరికేశాయి. కొత్తది ప్రింటు వేయిద్దామని వెళ్తే డిజైనర్ కుర్రాడు కంప్యూటర్‌లో వరసగా మంచుకొండలు చూపించాడు. పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి వెనక మంచు ఏమిటండీ! నాన్నగారు ఒకే మాట అన్నారు. "పాతికేళ్లుగా కెమెరా పట్టుకు తిరుగుతున్నావు. పాపికొండలు నువ్వే వెళ్లి తీసుకురాలేవా?"

తీసుకురావడం ఎంతసేపు అనుకున్నాను. రెండు ప్రయాణాలు, ఒక చెడిపోయిన ప్రింటు పట్టింది.

మొదటిసారి కార్తీకమాసంలో వెళ్లాను. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి పెద్ద కెమెరా మా బావమరిది మండపానికి పట్టుకుపోయాడు. నాకు మిగిలింది జేబులో పట్టే చిన్న కెమెరా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 20 మెగాపిక్సెళ్లు. జూమ్ పెద్ద కెమెరా లెక్కలో 28 నుంచి 100 మిల్లీమీటర్లు. లోపల వెలుతురు పట్టే చిప్పుని, అంటే సెన్సార్‌ని, ఒక అంగుళం అంటారుగానీ కొలిస్తే 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాతకాలం వీడియో ట్యూబుల కొలతల నుంచి వచ్చిన పేరు అది. మా పెళ్లిళ్ల కెమెరాది 36 × 24. అంటే దీనికి వెలుతురు పట్టే జాగా ఏడో వంతే.

బోటు గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. 2019 సెప్టెంబరులో ఆ దారిలోని కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి మా అమ్మకి ఆ పేరు వింటేనే భయం. లైఫ్ జాకెట్ విప్పనని ఒట్టు వేయించుకుని గానీ పంపలేదు. ఆ జాకెట్ మీద పెద్ద కెమెరా బెల్టు వేసుకుంటే మెడకి ఉరే. చిన్నది మాత్రం జాకెట్ సందులో చక్కగా ఇమిడిపోయింది. దాని వల్ల ఆ రోజు కలిగిన సుఖం అదొక్కటే.

కొండల మధ్యకి రాగానే అందరిలాగే నోరు తెరుచుకుని చూశాను. నది సన్నబడిపోయి, రెండు పక్కలా కొండలు మీద పడేటట్టు నిలబడి ఉంటాయి. అంతా పట్టాలని జూమ్ మొత్తం వెనక్కి లాగి, 28 దగ్గర పెట్టి రెండొందల ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి చూస్తే కింద సగం నీళ్లు, పైన సగం తెల్లటి ఆకాశం, మధ్యలో ఆకుపచ్చ గీత. మా ఊరి ఏటిగట్టు ఫొటో అని చెప్పినా ఎవరూ కాదనరు. మా ఆవిడ అననే అంది. "ఈ మాత్రానికి అంత దూరం వెళ్లాలా?"

తప్పులు వెతకడానికి వారం పట్టింది. పెళ్లిళ్లలో చేతికి అలవాటైన పద్ధతే అన్నిటికీ మూలం. మండపంలో చోటు ఉండదు కాబట్టి జూమ్ వెనక్కి లాగి వైడ్ పెట్టేస్తాం. వైడ్ దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్నదాన్ని చిన్నది చేస్తుంది. నాకు దగ్గరున్నది నీళ్లు, దూరంగా ఉన్నది కొండ. ఇంక కొండ ఎలా కనపడుతుంది?

రెండో తప్పు ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నం. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కన్నం సన్నబడుతుంది. గ్రూప్ ఫొటోలో వెనక వరస కూడా షార్ప్‌గా రావాలంటే ఎఫ్/11 పెట్టేస్తాను. అదే ఇక్కడా పెట్టాను. ఇంత చిన్న సెన్సార్ మీద ఎఫ్/11 అంటే, ఫోకస్ లోతులోనూ బొమ్మ మెత్తబడడంలోనూ పెద్ద కెమెరాలో ఎఫ్/30తో సమానం. అంత సన్నటి కన్నంలోంచి వెలుతురు దూరేటప్పుడు చెదురుతుంది, ఆకులన్నీ కలిసి ముద్దవుతాయి. దీనికి ఎఫ్/4, ఎఫ్/5.6 మధ్యే మంచిది. ఎపర్చర్ అంత మూసేసరికి షటర్ కూడా నెమ్మదించింది, అంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉంది. ఇంజన్ వణుకు ప్రతి ఫొటోలో దిగింది. నేనేమో మోచేతులు రెయిలింగ్‌కి గట్టిగా ఆనించి నిలబడ్డాను. బోటులో చేయకూడని పని అదే, వణుకంతా చేతుల్లోకి ఎక్కేస్తుంది.

డబ్బులు పెట్టి మళ్లీ వెళ్లేముందు ఇంటి దగ్గరే సాధన చేశాను. సాయంత్రం ఏటిగట్టు మీద నిలబడి వసిష్ఠ అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లని తీయడం. కెమెరా నిలువుగా పట్టుకుని, పక్కపక్కనే మూడు నాలుగు తీసి, కంప్యూటర్‌లో అతికించడం. నా లెక్క ఇది. కర్టెన్ పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. అడ్డంగా తీసిన ఒక్క ఫొటోని ఆ కొలతకి కోస్తే అంగుళానికి 38 చుక్కలే (పిక్సెళ్లే) వస్తాయి. నిలువువి అతికిస్తే 50 దాటుతాయి. గొప్ప తేడా కాదు గానీ మనసు ఊరుకోదు. మొదటిసారి అతికిస్తే ఆకాశం మూడు చీరల ముక్కలు కుట్టినట్టు మూడు రంగుల్లో వచ్చింది. వెలుతురుని బట్టి రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉండిపోయింది. రంగు, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు), ఫోకస్ మూడూ మారకుండా బిగించి, ఒక్కో ఫొటోలో మూడో వంతు పక్కదానితో కలిసేటట్టు తీస్తే అతుకు తెలియలేదు. గేదెలు తోలుకెళ్తున్న తాత మూడు రోజులు చూసి నాలుగో రోజు అడిగేశాడు. "ఏవండీ, ఆ ఒడ్డేమన్నా అమ్మకానికి పెట్టారా?"

రెండోసారి ధనుర్మాసంలో వెళ్లాను. ముహూర్తాలుండవు కాబట్టి పెద్ద కెమెరా ఖాళీయే. అయినా చిన్నదే పట్టుకెళ్లాను. పంతం అనుకోండి.

పొద్దున అంతా మంచు. కొండలకి బదులు తెల్లటి గోడ కనిపించింది. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన, కొండలు చప్పగా, మడతలే లేనట్టున్నాయి. పేరంటపల్లిలో బోటు ఆగినప్పుడు అందరూ గుడికి వెళ్తే నేను ఒడ్డున కాలు నేల మీద ఆనించి అతుకుల ఫొటోలు తీసుకున్నాను. కదిలే బోటులో ఆ పని కుదరదు. ఒక ఫొటోకీ ఇంకోదానికీ మధ్య మనం జరిగిపోతాం, దగ్గరి చెట్టు రెండుసార్లు పడుతుంది. ఎండకి వెనక స్క్రీన్ కనపడలేదు. తుండు నెత్తిన కప్పుకుని చూశాను. నాన్నగారు స్టాండు కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకున్నట్టే ఉండి ఉంటాను, పక్కన పిల్లలు ఒకటే నవ్వు.

అసలైన వెలుతురు తిరుగు ప్రయాణంలో దొరికింది. ఎండ వాలి పక్కనుంచి పడేసరికి కొండల మడతలు లేచాయి. ఒకదాని వెనక ఒకటి, వెనక్కి పోయేకొద్దీ నీలంగా పలచబడుతూ. అప్పటికి జనం కింద డాన్స్ ప్రోగ్రాం చూస్తున్నారు, పైన నేనొక్కణ్నే. జూమ్ పూర్తిగా ముందుకి, ఎఫ్/5.6, షటర్ సెకనులో 1/800 వంతు, ఎక్స్‌పోజర్ కాస్త కిందికి, అంటే మైనస్ 0.7, తర్వాత సరిచేసుకోవడానికి వీలుండే రా ఫైలు. చిన్న సెన్సార్‌లో ఆకాశం ఒక్కసారి తెల్లగా కాలిపోయిందా, ఇక తిరిగి రాదు. కొండ నీడలు మాత్రం తర్వాత కొంత లేపుకోవచ్చు. మోచేతులు ఒంటికి ఆనించి, మోకాళ్లు కాస్త వదులుగా పెట్టి నిలబడ్డాను. సరంగు నన్ను చూసి, అడగకుండానే ఇంజన్ కాస్త తగ్గించాడు.

అప్పుడే కొండ మొదట్లో ఒక చిన్న నావ. అందులో ఒకే మనిషి, వల సర్దుకుంటున్నాడు. నావ గోరంత ఉంది. దాని పక్కన కొండ ఎంతుందో అప్పుడు తెలిసింది. నాలుగు కొట్టాను, ఒకటి నిలబడింది. అతుకుల ఫొటోలో చుక్కలు ఎక్కువే గానీ మిట్టమధ్యాహ్నపు ఎండ. చివరికి 38 చుక్కలదానికే ఓటు వేశాను. ఏటిగట్టు మీద పడిన కష్టం అలా నీళ్లపాలైంది.

ప్రింటు దగ్గర మళ్లీ దెబ్బ తిన్నాను. ఫ్లెక్స్ మీద వేయిస్తే నిగనిగలాడింది, స్టూడియో లైటు వేయగానే కొండ మధ్యలో సూర్యుడు పుట్టాడు. పైగా నా స్క్రీన్ వెలుగు ఎక్కువ పెట్టుకుని సరిచేశానేమో, ప్రింటు నల్లగా వచ్చింది. రెండోసారి గుడ్డ మీద వేయించాను. ముందు ఒక అడుగు ముక్క వేయించి, స్టూడియో లైట్ల కింద చూసుకుని, అప్పుడు మొత్తానికి ఆర్డరిచ్చాను. ఎవరైనా చేయిస్తే ఆ అడుగు ముక్క మాత్రం మానకండి.

ఇంకొకటి కూడా చేయాల్సి వచ్చింది, చెప్పడానికి బాధగానే ఉంది. ముందు మనిషిని కూర్చోబెడితే వెనక ప్రతి ఆకూ షార్ప్‌గా కనపడి, మనిషిని కత్తిరించి అంటించినట్టుంది. కాబట్టి కొండని నా చేత్తోనే కాస్త మసక చేసి, రంగు తగ్గించాను. అంత షార్ప్ కోసం రెండుసార్లు బోటెక్కిన వాణ్ని! నావని మాత్రం ముట్టుకోలేదు.

కర్టెన్ కట్టిన మర్నాడు పెళ్లిరోజు ఫొటోకి ఒక పెద్దాయన, భార్యతో వచ్చారు. కూర్చోబెట్టాను. ఆయన వెనక్కి తిరిగి చాలాసేపు చూశారు. పాపికొండలని గుర్తుపట్టారని నా ముఖం వెలిగిపోయింది.

"ఆయ్, బాగుందండీ" అన్నారు. "హంసలేవీ? మా పెళ్లి ఫొటోలో ఉన్నాయి."

పాత కర్టెన్ అటక మీద ఉంది. దింపి, కొరికిన మెడ ఆవిడ చీర చెంగు వెనకకి వచ్చేటట్టు సర్ది, ఫొటో తీశాను.