హార్స్‌లీ కొండ కింది శిబిరానికి మళ్లీ

మా అన్న కూతురిని వేసవి శిబిరంలో దింపి రావడానికి నేను ఒప్పుకున్నది ఆ పిల్ల కోసం ఎంతో, నా కోసమూ అంతే. 1996 మే నెలలో, పద్నాలుగేళ్ల వయసులో, హార్స్‌లీ కొండ కింద ఒక పాఠశాల వసతిగృహంలో క్రైస్తవ సంఘాలన్నీ కలిసి నడిపిన యువజన శిబిరంలో నేను ఏడు రోజులు ఉన్నాను. ఆ ఏడు రోజుల్లో నాలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది ఇన్నేళ్లలో స్థిమితంగా కూర్చుని ఆలోచించుకోలేదు.

తిరుపతిలో ఎక్కిన మదనపల్లె బస్సు బాకరాపేట ఘాట్ దాటేసరికే కిటికీ ఊచలు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతున్నాయి. పీలేరులో ఒకావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. వెంట ఉన్న కొడుకు ఒళ్లో దుప్పటి మూట, చేతిలో కొత్త బైబిలు చూడగానే మా అందరి ప్రయాణం ఒకచోటికేనని తెలిసిపోయింది. నిరుడు పెద్ద కొడుకును పంపిందట. ఆఖరి రాత్రి క్యాంప్ ఫైర్ చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు అతను ఏడుస్తూ తన విశ్వాసం గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పి, ఇకపై దేవుని బాటలో నడుస్తానన్న తీర్మాన పత్రం మీద సంతకం పెట్టి వచ్చాడట. నెల తిరగకముందే చర్చికి రావడం మానేశాడట.

"అయినా రెండోవాణ్ణి పంపిస్తున్నారే?" అని అడిగాను.

"ప్రార్థన చేస్తాడో లేదో దేవునికే తెలియల్లక్కా. తిన్న తట్ట మాత్రం అప్పట్నుంచి వాడే కడుక్కుంటాండాడు. నాదీ కడిగి పెడతాడు. మా ఇంట్లో మగోళ్లెవరూ ఆ పని చేసినోళ్లు కాదు" అంది.

వాయల్పాడు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. మా శిబిరంలోనూ వంటశాల వెనుక ఒకటే కుళాయి ఉండేది. భోజనాలయ్యాక గుంపుల వంతు ప్రకారం ఇద్దరేసి కూర్చుని, తట్టలు ఒకరు తోమితే ఒకరు కడగాలి. నాకు జతగా వచ్చిన అమ్మాయిది ఒక ఊరి దళితవాడ. మా చర్చిలో సైతం ఎవరు ఎక్కడ కూర్చుంటారో పుట్టుకను బట్టి ఎవరూ చెప్పకుండానే తేలిపోయే రోజులవి. ఏడు రోజులు ఆమె తోమినవి నేను, నేను తోమినవి ఆమె కడిగాం. ఇంటికి వచ్చి ఆ స్నేహితురాలిని పండుగకు పిలుస్తానంటే మా నాయనమ్మ ముఖం తిప్పుకుంది. నేను పెద్దవాళ్లకు ఎదురు చెప్పిన మొదటి సందర్భం అదే, దానికి ఈనాటికీ చింతించను.

క్యాంప్ ఫైర్ నాడు అలాంటి తీర్మానానికే నేనూ చెయ్యెత్తాను. చీకటి, మంట, పాట, అలసట, పక్కవాళ్ల కన్నీళ్లు అన్నీ కలిస్తే ఆ వయసు పిల్లలు చెయ్యెత్తకుండా ఉండటం కష్టం. అలా తీసుకున్న మాటను విశ్వాసానికి కొలతగా ఎంచడం పిల్లలకు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఆ వేడి చల్లారినప్పుడు వాళ్లు దేవుణ్ణి మోసం చేశామనుకుని లోలోపల కుంగిపోతారు. నేను ఏడాది పాటు అలాగే కుంగిపోయాను. అందులోంచి నన్ను బయటికి లాగింది శిబిరంలో మా గుంపును చూసుకున్న కౌన్సిలర్ అక్క.

1868లో వేల్స్ దేశపు లాండుడ్నో తీరంలో జోసయ్య స్పియర్స్ అనే ఆయన ఇసుకలో దేవుడు ప్రేమ అని రాసి, పిల్లల చేత అలంకరింపజేసిన కథ మాకు చెప్పింది ఆమెనే. మాకు సముద్రం లేదు గనుక ఒకనాటి సాయంత్రం కొండ మీద ఎర్రమట్టిలో అవే అక్షరాలు గీసి, చుట్టూ నీలగిరి కాయలు పేర్చాం. శిబిరం ముగిశాక మూడేళ్లపాటు ఆమె నాకు కార్డులు రాసింది. మొదటిది పదిహేను పైసల కార్డు. చదువు ఎలా సాగుతోంది, నాయనమ్మ మనసు మారిందా అని అడిగేదే తప్ప, తీర్మానం నిలబెట్టుకున్నావా అని ఒక్కసారీ అడగలేదు.

పిల్లను అప్పగించి కొండ ఎక్కాను. జీపుకు తొమ్మిది వందలు అడిగాడు, బేరం సాగలేదు. కడప కలెక్టరు హార్స్‌లీ పేరు రాకముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మేము అక్షరాలు గీసిన చోటు ఎంత వెతికినా ఆనవాలు పట్టలేకపోయాను. చెట్ల మధ్య గాలి మాత్రం ఆనాటి చల్లదనంతోనే వీచింది.

దిగి వచ్చి మా అమ్మాయి గుంపు కౌన్సిలర్‌ను కలిశాను. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఇంటికి వెళ్లాక పిల్లలతో ఎలా మాట్లాడతావమ్మా అని అడిగితే, "వాట్సాప్ గ్రూపు పెడతామండీ" అంది. మా అక్క కార్డుల సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, తన గుంపులో పన్నెండుమంది ఉన్నారని చెప్పింది.

మరునాడు మదనపల్లె పోస్టాఫీసులో పన్నెండు కార్డులు కొన్నాను, ఆరు రూపాయలయ్యాయి. తిరుపతి బస్సు వదులుకుని మళ్లీ శిబిరానికి వెళ్లేసరికి పిల్లలు పాటల్లో ఉన్నారు. ఆ అమ్మాయిని బయటికి పిలిచి కార్డులు చేతిలో పెట్టాను. ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుని, లోపలి నుంచి పేర్ల పట్టీ తెప్పించుకుని, మొదటి చిరునామా రాయడం మొదలుపెట్టింది.