ఆంథూరియం కుండీలో తోటమట్టి ఎందుకు వద్దు

ఆంథూరియం వేరు ఒకటి దగ్గరగా చూడండి. లావుగా, తెల్లగా, పైన స్పాంజిలాంటి తొడుగుతో ఉంటుంది. నేలను చీల్చుకుంటూ దిగే వేరు కాదది. కొలంబియా, ఈక్వెడార్ తడి అడవుల్లో ఈ మొక్క చెట్ల మొదళ్లనీ కొమ్మలనీ పట్టుకుని, నాచులో, రాలిన ఆకుల చెత్తలో పెరుగుతుంది. వాన పడితే వేరు తడుస్తుంది, కాసేపటికే మళ్లీ గాలి తగులుతుంది. అలాంటిదాన్ని తెచ్చి తోటమట్టిలో పెట్టి, రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు పసుపెక్కుతున్నాయని వాపోతుంటారు. రోజూ పోస్తున్నందుకే పసుపెక్కుతున్నాయి.

తోటమట్టి నేలలో బాగానే ఉంటుంది, ఎందుకంటే దాని కింద ఇంకా మట్టి ఉంటుంది, నీళ్లు దిగుతూ పోతాయి. కుండీకి అడుగు ఉంది, చిక్కంతా అక్కడే. తడి స్పాంజిని పళ్లెంలా అడ్డంగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, ఎత్తు మారిందంతే. కుండీలోనూ నీళ్లు పోసి కారడం ఆగాక, అడుగున కొంత మేర పూర్తిగా తడిలోనే ఉండిపోతుంది. కుండీలో నింపే మిశ్రమం ఎంత మెత్తనిదైతే ఆ తడి పొర అంత మందం. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, జరిగేది దానికి తలకిందులే. మెత్తటి పొరలోంచి నీళ్లు గరుకు పొరలోకి తేలిగ్గా దిగవు, కాబట్టి ఆ తడి పొర రాళ్ల పైకెక్కి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. మిశ్రమం జారిపోకుండా రంధ్రం మీద చిన్న జాలీముక్క చాలు.

ఇక ఆంథూరియానికి సరిపడే మిశ్రమం పాళ్లు. ఒకే మగ్గుతో కొలవండి: కొబ్బరి డొక్క ముక్కలు గానీ పైన్ బెరడు ముక్కలు గానీ నాలుగు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు, పెరలైట్ (వేడికి పొంగించిన తేలికైన తెల్లటి రాతి గుళికలు) రెండు, కట్టె బొగ్గు ముక్కలు ఒకటి, వర్మీ కంపోస్ట్ ఒకటి. డొక్క లేదా బెరడు ముక్క 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉండాలి, బొగ్గు శనగగింజంత. ప్రతిదాన్నీ జల్లెడ పట్టి పొడి తీసేయండి. ముక్కల మధ్య ఖాళీలను పూడ్చేది ఆ పొడే. సన్న ఇసుక కలపడమూ ఇందుకే వద్దు. వర్మీ కంపోస్ట్ మంచిదే కదా అని రెండు మూడు మగ్గులు వేస్తే అదీ బురదలా అడుక్కి చేరుతుంది. పచ్చి పేడ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెరలైట్ సంచి పూర్తిగా విప్పే ముందు లోపల కాస్త నీళ్లు చల్లండి, ఆ దుమ్ము పీల్చకూడదు.

కోకోపీట్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. అందులో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. మామూలు నీళ్లతో కడిగితే విడిగా ఉన్న ఉప్పు పోతుంది గానీ, పీచును అంటిపెట్టుకున్నది పోదు. ఆ పీచు తర్వాత మీరిచ్చే కాల్షియాన్ని పట్టుకుని, దానికి బదులు సోడియాన్ని వదులుతుంది. మొక్కకు కాల్షియం చాలక, పువ్వులా కనిపించే ఎర్ర రెక్క పైభాగాన చెవుల్లా ఉండే చోట నీరుపట్టినట్టు మచ్చలొచ్చి గోధుమరంగుకు తిరుగుతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. లీటరు నీళ్లకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి, కోకోపీట్‌ను అందులో ఒక రోజు నానబెట్టి, పిండి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. డొక్క ముక్కలకూ ఇదే పద్ధతి. సంచి మీద ‘బఫర్డ్’ అని ఉంటే ఈ పని ఇప్పటికే అయినట్టు.

మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో కొలిచి చూడొచ్చు. మొక్క పెట్టబోయే కుండీ అంత ఎత్తున్న డబ్బా తీసుకుని, అడుగున రంధ్రాలు పెట్టి టేపు వేయండి. అంచుదాకా నీళ్లు పోసి ఎంత పట్టిందో రాసుకుని పారబోయండి. ఇప్పుడు ముందే తడిపిన మిశ్రమాన్ని నింపి, రెండుసార్లు తట్టి, పైన నీళ్లు మెరిసేదాకా మెల్లగా పోయండి. టబ్బు మీద పెట్టి టేపు తీసి, పావుగంట కారనిచ్చి, కారినంతా కొలవండి. లీటరు డబ్బాలోంచి 200 నుంచి 300 మిల్లీలీటర్లు వస్తే భేష్. నీళ్లు ఖాళీ చేసిన ఆ చోటే గాలిది. 100 దగ్గరే ఆగిపోతే ఇంకో మగ్గు డొక్క ముక్కలు, అర మగ్గు పెరలైట్ వేసి మళ్లీ చూడండి. పొట్టి డబ్బాలో కొలిచి పొడుగు కుండీకి ఆ లెక్క వాడొద్దు, ఇందాకటి స్పాంజి గుర్తుంది కదా.

రెడీమేడ్ పాటింగ్ మిక్స్ కొంటే సంచి వెనక మొదట రాసిన పేరు చూడండి. పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు) లేదా కోకోపీట్ అయితే, దానికి సమానంగా డొక్క ముక్కలూ పెరలైటూ కలిపితేనే పనికొస్తుంది. తేమ పట్టి ఉంచే జెల్ కలిపిన రకం ఈ మొక్కకు వద్దే వద్దు.

కుండీ మార్చేటప్పుడు వేళ్లను పరీక్షించండి. మెత్తబడిన వేరును లాగితే పై తొడుగు ఊడొచ్చి లోపల సన్నని దారం మిగిలితే అది కుళ్లింది, కత్తిరించేయాలి. వేళ్లు ఎక్కువ పోతే పెద్ద కుండీ కాదు, చిన్నది కావాలి. ఆరోగ్యంగా ఉంటే పాతదానికంటే 3, 4 సెంటీమీటర్లు వెడల్పు చాలు. కాండం మీద పొడుచుకొచ్చిన వేళ్లు మిశ్రమంలోకి దిగేలా పెట్టండి, మొవ్వు మాత్రం పైనే ఉండాలి. మిశ్రమాన్ని చేతివేళ్లతో అదిమి బిగించకండి, కుండీని నేలకు తట్టితే చాలు.

మిశ్రమం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు నెలల తరబడి పోస్తే అది పైకెక్కి, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందడం లేదన్న గుర్తు అది, వాన నీళ్లకు మారితే కొత్త ఆకులు సర్దుకుంటాయి. ఈ మిశ్రమంలో పోషకాలు పెద్దగా నిలవవు కాబట్టి సమతుల ద్రవ ఎరువును చెప్పిన మోతాదులో నాలుగో వంతుకు తగ్గించి రెండు వారాలకోసారి ఇవ్వండి. పైన తెల్లటి పొరలా ఉప్పు తేలితే, కుండీకి మూడింతల నీళ్లు పోసి కడిగేయండి. రెండేళ్లకల్లా డొక్క ముక్కలు చివికి పొడైపోతాయి. ముక్కను చేతివేళ్ల మధ్య నలిపితే ముద్దవుతోందంటే మిశ్రమం మార్చే వేళయింది.